షుగర్ ఫ్రీ అంటే ఏమిటి?

మన పటాన్‌చెరు, సంగారెడ్డి మందుల కంపెనీల్లో పనిచేసేవారికి సార్బిటాల్ కొత్త పేరు కాదు. చాలా సిరప్‌లకు తీపి దానివల్లే వస్తుంది. మాల్టిటాల్, జైలిటాల్, ఎరిత్రిటాల్ కూడా ఆ కుటుంబానివే. వీటిని షుగర్ ఆల్కహాల్స్ అంటారు. పేరు చూసి కంగారు పడనక్కరలేదు. రసాయనశాస్త్రంలో ఆల్కహాల్ అంటే ఒక పెద్ద వర్గం. సారాలోని ఇథనాల్ అందులో ఒకటి మాత్రమే. ఇవి మత్తు కలిగించవు.

గ్రాము చక్కెరలో 4 కేలరీలుంటే సార్బిటాల్‌లో సుమారు 2.6, మాల్టిటాల్‌లో 2.1, ఎరిత్రిటాల్‌లో 0.2 ఉంటాయి. జైలిటాల్ వల్ల పళ్లు పుచ్చవు. అయితే మాల్టిటాల్ రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది. సార్బిటాల్, మాల్టిటాల్ ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి. రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు తెలిపారు. కారణం అదేనని ఇంకా రుజువు కాలేదు.

పండుగకు షుగర్ ఉన్న పెద్దల కోసం 'షుగర్ ఫ్రీ' ప్యాకెట్లు పంపే దాతలకు ఒక మనవి. లేబుల్‌పై 420, 965, 967, 968 అంకెలుంటే అవి ఈ పదార్థాలే. చక్కెర లేకపోయినా మైదా, నెయ్యి ఉండవచ్చు. వాటికి బదులు బాదం, వేయించిన శనగలు పంపితే మీ దానం వారి ఆరోగ్యానికీ మేలు చేస్తుంది.