ఉయ్యాలకి కొక్కెం ఏదీ?

"అమ్మా, ఉయ్యాల ఎక్కడ కడదాం?"

బారసాల రేపనగా మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. తలెత్తి చూశాను. కొండాపూర్‌లో ఏడో అంతస్తు ఫ్లాటు. పైన తెల్లటి ఫాల్స్ సీలింగు, అందులో వరసగా చిన్న చిన్న లైట్లు. దూలం లేదు, కొక్కెం లేదు. ఆ సీలింగు ఉత్త జిప్సం పలక. దానికి ఉయ్యాల కట్టడమంటే మాటలా! పైన స్లాబు దాకా డ్రిల్లు చేయించి కొక్కెం దిగ్గొట్టిద్దామంటే, అద్దె ఇల్లాయె, ఓనరుగారు ససేమిరా అన్నారు. చివరికి ఎదురు ఫ్లాటువాళ్ళ దగ్గర ఇనప స్టాండు ఉయ్యాల ఒక పూటకి అరువు తెచ్చి, నాలుగు మూరల బంతిపూలు చుట్టి పని కానిచ్చాం.

నా కాన్పుకి నేను పుట్టింటికి వెళ్ళాను. వసారాలో దూలానికి మా అమ్మమ్మ నాటి కొక్కెం ఉండేది. అటక మీద ఉగ్గుగిన్నె, నీళ్ళు కాచే గంగాళం, నీళ్ళు పోసేటప్పుడు కూర్చునే పీట. పెట్టెనిండా ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు. ఏ ఒక్కటీ కొన్నది కాదు.

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్ వైపు కాపురాలున్న అమ్మాయిలు చాలామంది ఇప్పుడు పురిటికి పుట్టింటికి వెళ్ళడం లేదు. చూపించుకుంటున్న డాక్టరు ఇక్కడే, భర్త ఉద్యోగం ఇక్కడే, తన ఉద్యోగమూ ఇక్కడే. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఈ చుట్టుపక్కల ఎన్నో మారాయి. ఇదీ ఒకటి. అమ్మాయి పుట్టింటికి వెళ్ళే బదులు పుట్టిల్లే బట్టలు సర్దుకుని బస్సెక్కి వస్తోంది. అయితే వసారా, దూలం, పెరడు సూట్‌కేసులో పట్టవు కదా! వాటి బదులుగానే ఈ కాట్లు, టబ్బులు, బండ్లు కొంటున్నాం. కొన్నవాటిలో పనికొచ్చినవెన్ని, అడ్డమైనవెన్ని అన్నది నా అయిదు నెలల అనుభవంలో చెప్తాను.

అడుగుకి అద్దె ఎంత?

కొనేముందు ధర చూస్తాం. చోటు చూడం. ఒక చిన్న లెక్క వేసుకోండి. 1,000 చదరపు అడుగుల ఇంటికి నెలకి 25,000 రూపాయలు అద్దె ఇస్తున్నారనుకుందాం. అంటే అడుగుకి 25 రూపాయలు. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న కాట్ 8 అడుగులు తింటుంది. నెలకి 200, ఏడాదికి 2,400 రూపాయలు దాని కింద నేలకే కడుతున్నామన్నమాట! దాని చుట్టూ మనం తిరిగే దారి ఇందులో కలపలేదు. సొంత ఫ్లాటైతే ఇదే సొమ్ము బ్యాంకు వాయిదాలో పోతోంది, అంతే తేడా.

మా అల్లుడు ఎనిమిదో నెలలోనే కాట్ కొనేశాడు. మా వైపు బిడ్డ పుట్టకముందు గుడ్డముక్క కూడా కొనరు. ఆ ఆచారం వెనక ఉన్నది భయమే. పుట్టిన బిడ్డలందరూ దక్కని రోజులవి. భయం సంగతి అలా ఉంచండి, ఇవాళ చూస్తే అది చక్కగా డబ్బు మిగిల్చే ఆచారం. ఈ రోజు ఆర్డరిస్తే రేపటికి గుమ్మం ముందు పెట్టిపోతున్నారు. అలాంటప్పుడు ముందే కొని పేర్చుకోవడం దేనికి? బిడ్డ వచ్చాక, ఫలానాది లేక పని ఆగుతోంది అనుకున్నాక కొనుక్కోవచ్చు.

సరే, కాట్ వచ్చింది. పడగ్గదిలో మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో దాన్ని పెట్టారు. నేను చాప వేసుకుందామనుకున్నది అక్కడే. రెండో గది మా వదినగారికి (అల్లుడి తల్లిగారికి) ఇచ్చాం. నేను హాల్లో పడుకునేదాన్ని. పాపాయి ఆ కాట్‌లో పట్టుమని పది నిమిషాలు పడుకోలేదు. పది రోజులయ్యేసరికి అందులో ఉతికిన బట్టల గుట్ట తయారైంది.

నాలుగో వారంలో ఒక రాత్రి మంచినీళ్ళకి లేచాను. పడగ్గది తలుపు కింద వెలుతురు. తోసి చూస్తే, మంచం అంచున కూర్చుని బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది మా అమ్మాయి. అల్లుడికి ఆ వారం రాత్రి షిఫ్టు.

"ఎంతసేపయిందే?"

"రెండింటి నుంచీ. పడుకోబెడితే లేస్తోంది."

"నన్ను పిలవకూడదూ!"

"నువ్వు హాల్లో ఉన్నావు కదమ్మా. పగలంతా చేస్తున్నావు, మళ్ళీ లేపడమెందుకని..."

తెల్లారాక కాట్ బోల్టులు విప్పించి బాల్కనీలో పెట్టించాను. ఆ జాగాలో నా చాప, పక్కనే పాపాయికి గట్టి చిన్న పరుపు, దానిమీద గొడుగులా ముడుచుకునే దోమతెర. ఆ రాత్రి నుంచీ అమ్మాయి పాలిచ్చి బిడ్డని నా చేతికి అందించేది. భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా తట్టి పడుకోబెట్టడం నా వంతు. అమ్మాయికి వరసగా రెండు గంటల నిద్ర దొరికింది. అంతకు ముందు నాలుగు వారాల్లో ఆ రెండు గంటలే కరువయ్యాయి.

అలాగని కాట్ చెడ్డదని నేననను. పసిబిడ్డని వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉండే పక్కమీద, పెద్దవాళ్ళ మంచంమీద కాకుండా వేరుగా పడుకోబెట్టాలని పిల్లల డాక్టర్లు చెబుతారు. కనీసం ఆరు నెలలు తల్లి గదిలోనే ఉండాలనీ అంటారు. చోటుంటే ఆ పక్క కాట్ కావచ్చు, లేకపోతే నేలమీది పరుపూ కావచ్చు. మీరు కాట్ కొనేట్టయితే ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి. ఇక గుడ్డ ఉయ్యాల సంగతి. నిద్ర పట్టేదాకా ఊపి, పట్టాక చదునైన పక్కమీదికి మార్చండి. బిడ్డ బోర్లా పడటం నేర్చిందంటే ఉయ్యాల విప్పెయ్యాల్సిందే.

తల గుండ్రంగా రావాలని మా వదినగారు ఎంతో ముచ్చటపడి ఆవాల దిండు కుట్టి తెచ్చారు. దిండు ఏదీ వద్దన్నారు డాక్టరుగారు. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకున్నారు. ఇప్పుడా దిండు వేడి చేసి నేను మోకాలికి పెట్టుకుంటున్నాను.

దోమతెర మాత్రం మరో ఆలోచన లేకుండా కొనండి. వందల్లో వస్తుంది, మడిస్తే తలుపు వెనక పడి ఉంటుంది. డెంగీ దోమ కుట్టేది పగటిపూట. కాబట్టి పగలు పడుకున్నప్పుడూ వెయ్యాలి. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు దవాఖానాల్లో పురుడు పోసుకున్న తల్లులకి కె.సి.ఆర్. కిట్ పేరుతో 16 రకాల వస్తువులివ్వడం మొదలుపెట్టింది. సబ్బులు, నూనె, బిడ్డకి బట్టలు, తల్లికి చీరలతోపాటు అందులో దోమతెర కూడా ఉండేది. వాకరు లేదు, స్ట్రోలరు లేదు. ఫిన్లాండ్‌లో 1938 నుంచి పేద తల్లులకి, 1949 నుంచి తల్లులందరికీ పాపాయి సామానుతో ఒక అట్టపెట్టె ఇస్తున్నారు. సామాను బయటికి తీసి, అడుగున చిన్న పరుపు పరిస్తే ఆ పెట్టే పక్క అవుతుంది. చలిదేశం వాళ్ళు అట్టపెట్టెలో పెంచగా లేనిది, మనం ఊరికే కంగారు పడతాం!

కాళ్ళు చాపుకునే చోటు

పసిబిడ్డకి నీళ్ళు పోయాలంటే పీటమీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డని కాళ్ళమీద వేసుకోవాలి. ఫ్లాటు బాత్రూములో ఒకవైపు కమోడు, ఒకవైపు అద్దం తలుపు. నా కాళ్ళు చాపితే గోడకి తన్నుతున్నాయి. పైగా నూనె చేతులు, నున్నటి టైల్స్. రెండు రోజులు చూసి, వంటింటి వెనక వాష్ ఏరియాలోకి మకాం మార్చాను. మూడో వారానికి నా మోకాళ్ళు మొరాయించాయి. అప్పుడు టబ్బు కొన్నాం. లోపల పాపాయి ఆనుకునేందుకు వాలుగా పలక ఉన్నది. ఆ కొన్నదానికి నేను ఒక్కరోజు కూడా బాధపడలేదు. నీళ్ళు పోసే పెద్దదిక్కు వెళ్ళిపోయాక అమ్మాయి తనంతట తను చేసుకోగలిగేది టబ్బులోనే. అయితే ఫోను మోగినా, కాలింగ్ బెల్లు మోగినా బిడ్డని టబ్బులో వదిలి కదలకండి. పాపాయికి టబ్బు చాలకుండా పోయాక అందులో బట్టలు నానబెట్టుకోవచ్చు.

పొత్తిగుడ్డలా, డైపర్లా అంటే, రెండూ అంటాను. పగలు గుడ్డలు, రాత్రికీ ప్రయాణానికీ డైపర్లు. కొన్ని అపార్టుమెంట్లలో బాల్కనీ కడ్డీలమీద బట్టలారేస్తే అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరు. వానాకాలంలో పొత్తిగుడ్డలు ఎక్కడ ఆరాలి చెప్పండి? ముడుచుకునే స్టాండొకటి కొనుక్కోండి. బుజ్జాయి సామాను కొట్లో అది కనిపించదు గానీ అన్నిటికంటే ముందు కావాల్సింది అదే.

పాలసీసాల సెట్టు, వాటిని ఉడికించే యంత్రం, పాలు వెచ్చబెట్టే యంత్రం... వంటింటి గట్టు మొత్తం ఆక్రమించే ఈ మూడింటి జోలికి పోలేదు మేము. మన దేశంలో 1992లో వచ్చిన చట్టం పాలసీసాలకి ప్రకటనలివ్వడాన్నే నిషేధించింది. ఆరు నెలలు తల్లిపాలే చాలు, వేరే నీళ్ళు కూడా అక్కర్లేదు. తీసిన పాలు పట్టడానికి మా అమ్మ ఉగ్గుగిన్నె తెచ్చాను. మూలలు లేని గిన్నె, బ్రష్షుతో పని లేదు. కడిగి, మూత ఉన్న గిన్నెలో వేసి మరిగిస్తే చాలు.

కానీ పాలు తీసే పంపు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఎందుకో చెప్తాను. 2017లో చట్టం మార్చి, ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. ఇద్దరు పిల్లలున్న తల్లి మూడో కాన్పుకి వస్తే 12 వారాలే. 26 వారాలంటే ఆరు నెలలు కదా అనుకుంటాం. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. మా అమ్మాయి కాళ్ళవాపుతో నాలుగు వారాలు ముందే సెలవు పెట్టింది. ఇక మిగిలినవి 22 వారాలు. అంటే ఆఫీసుకి వెళ్ళేనాటికి పాపాయికి అయిదు నెలలు! ఆ చివరి నెల పాలు ఎలా? పంపు ఉంటే తను ఆఫీసులో తీసి తెచ్చుకోవచ్చు, లేకపోతే డబ్బాపాలే గతి. తీసిన పాలు 25 డిగ్రీల లోపు వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మన వేసవిలో గదిలో ఉంచడమన్న మాటే లేదు, తియ్యగానే ఫ్రిజ్‌లోకే. పట్టేముందు గిన్నెని వేడినీళ్ళలో ఉంచితే చాలు, మైక్రోవేవ్ వద్దు.

ఇంకో మాట. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోనివ్వాలనీ అదే సవరణలో పెట్టారు. మీ ఆఫీసులో ఉందో లేదో సెలవు పెట్టేముందే అడగండి. ఉంటే కొనాల్సిన సామాను సగం తగ్గుతుంది.

చక్రాలున్నవి

వాకరు అసలు వద్దు. అందులో కూర్చున్న పిల్లలు త్వరగా నడుస్తారన్నది ఉత్త భ్రమ. కాళ్ళతో తన్నుకుంటూ, మనం చేతులు చాచేలోపే స్టవ్ దగ్గరికి, మెట్ల దగ్గరికి దూసుకుపోతారు. కెనడాలో 2004లో వాకర్ల అమ్మకాన్ని పూర్తిగా నిషేధించారు. ఇంట్లో ఉన్న పాతది అమ్మినా అక్కడ నేరమే. మన చిన్నప్పటి మూడు చక్రాల చెక్కబండి అలా కాదు. పిల్ల తన కాళ్ళమీద తను నిలబడి తోసుకుంటూ నడవాలి. అదీ నిలబడ్డాక మాట, ఇప్పటినుంచీ తొందరేం?

స్ట్రోలరు ఎవరికి పనికొస్తుందంటే, గేటు లోపలే నడకదారి ఉన్న పెద్ద అపార్టుమెంటువాళ్ళకి. లేదా కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కో, దుర్గం చెరువుకో వారం వారం వెళ్ళేవాళ్ళకి. మా గేటు దాటితే ఫుట్‌పాత్‌మీద బైకులు, జ్యూస్ బండి, ఆపైన తవ్విన గొయ్యి. ఆ దారిలో స్ట్రోలరు ఎత్తుకుని మనం నడవాలి! మెడ నిలిచాక ఒంటికి కట్టుకునే క్యారియర్ నయం. తలుపు వెనక మేకుకి వేలాడుతుంది.

కారుంటే మాత్రం పిల్లల సీటు కొనండి. ఇది వేలల్లో వ్యవహారమే, కాదనను. కానీ మన అద్దె లెక్కలో దీని వాటా సున్నా. కారులోనే ఉంటుంది. హఠాత్తుగా బ్రేకు పడితే ఒళ్ళో బిడ్డని ఏ తల్లి చేతులూ ఆపలేవు. పధ్నాలుగేళ్ళలోపు పిల్లల్ని బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే 1,000 రూపాయల జరిమానా అని 2019 సవరణలో పెట్టారు. స్కూటరు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకి నడుపుతున్నవారికి కట్టే బెల్టు, హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2022లో నిబంధన వచ్చింది. తొమ్మిది నెలలు నిండని పసికందుని స్కూటరెక్కించకపోవడమే మేలు.

పాతవి తీసుకోవడానికి మొహమాటపడకండి. ఈ చుట్టుపక్కల ప్రతి అపార్టుమెంటుకీ వాట్సాప్ గ్రూపు ఉంది. టబ్బు, క్యారియర్, స్టాండు ఉయ్యాల సగం ధరకి దొరుకుతాయి. కారు సీటు మాత్రం ఏ ప్రమాదంలో దెబ్బతిన్నదో తెలియదు కాబట్టి తెలిసినవాళ్ళ దగ్గరైతేనే తీసుకోండి.

మా కాట్ ఫొటో కూడా అమ్మాయి గ్రూపులో పెట్టింది. ఆ సాయంత్రమే తొమ్మిదో అంతస్తు నుంచి ఒక జంట వచ్చింది. ఆ అమ్మాయికి ఏడో నెల. కాట్ చూసి మురిసిపోయింది. కుర్రవాడు ఫోన్లో డబ్బు పంపబోతున్నాడు. మా అమ్మాయి అడిగింది, "పురిటికి మీ అమ్మగారు వస్తున్నారా?"

"వస్తున్నారక్కా, మూడు నెలలు ఉంటారు."

"ఎక్కడ పడుకుంటారు?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కొలిచి చూసుకుని చెప్తామని వెళ్ళారు. పది రోజులైంది. కాట్ ఇంకా మా బాల్కనీలోనే ఉంది. దాని ఊచలమీద పొత్తిగుడ్డలు ఆరేస్తున్నాను. కడ్డీలమీద కాదు కాబట్టి అసోసియేషన్ వాళ్ళు ఇంకా ఏమీ అనలేదు.