ఇంటి సర్వరుకు చవకైన బూట్ డ్రైవు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ ఒక చిన్న వస్తువు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. చూపుడువేలంత వుంటుంది. దాని పేరు బూట్ డ్రైవు. పేరు వినగానే "ఇది మావారి గొడవ, మనకెందుకులే" అని రేడియో కట్టెయ్యకండి. మొన్నామధ్య ఈ వస్తువే నన్ను ఒక పూటంతా ఏడిపించింది. అలాంటి ఏడుపు మీకు రాకూడదనే ఈ ప్రసంగం.

మా అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆవిడ వుండగా మంగళహారతులూ, పెళ్ళిపాటలూ దగ్గర కూర్చుని పాడించి ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఫోనులో చోటు చాలక, పిల్లల ఫొటోలతోపాటు వాటినీ మా అబ్బాయి ఇంటి సర్వరులోకి ఎక్కించాడు. సర్వరంటే బెదిరిపోకండి. ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న కంప్యూటరు, లావుపాటి పుస్తకమంత వుంటుంది. టీవీ వెనకాల పగలూ రాత్రీ నడుస్తూ, ఇంటిల్లిపాది ఫోన్లలోని ఫొటోలూ తనలో దాచిపెడుతుంది. క్లౌడుకి నెలనెలా డబ్బు కట్టే బాధ లేదు.

ఒకరోజు పొద్దున్న ఫొటోలు తెరుచుకోలేదు. పెట్టెకి దీపం వెలుగుతూనే వుంది. టీవీకి తగిలించి చూస్తే, బూట్ అయ్యే డివైసు కనబడటం లేదని నల్లటి తెరమీద ఒక్క ముక్క. నా గుండె గుభేలుమంది. అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు మరి! చూస్తే అబ్బాయి బెంగుళూరు హాస్టల్లో వున్నాడు, వాడికి పరీక్షలు. ఏడుస్తూనే ఫోను చేశాను.

"అమ్మా, కంగారుపడకు. పోయింది తాళంచెవే. బీరువాలో సామాను బీరువాలోనే వుంది" అన్నాడు.

ఆ ఒక్కమాటలో విషయమంతా వుంది. కంప్యూటరుకి మీట నొక్కగానే, ఏం చెయ్యాలో చెప్పే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుందా అని అది వెతుక్కుంటుంది. ఆ సిస్టమ్ వుండే చోటే బూట్ డ్రైవు. మన ఫొటోలూ, పాటలూ వుండేది వేరే పెద్ద డిస్కులో. బూట్ డ్రైవు పోతే పెట్టె మేలుకోదు, అంతే. కొత్తది పెట్టి, సిస్టమ్ మళ్ళీ ఎక్కించి, పాత డిస్కుని చూపిస్తే సామాను ఎక్కడిదక్కడే కనిపిస్తుంది. ఈ రెండూ వేరువేరుగా పెట్టుకున్న ఇంట్లోనే ఈ ధీమా. అన్నీ ఒకే డిస్కులో కుక్కితే తాళంచెవీ, బీరువా కలిసే పోతాయి.

ఇంతకీ పోయిందేమిటంటే, ఒక పెన్‌డ్రైవు. చవగ్గా వస్తుందని మావాడు దాంతోనే పని కానిచ్చాడు. సర్వరు సిస్టమ్ ఊరికే కూర్చోదు. ఎవరొచ్చారు, ఏం జరిగింది అని క్షణక్షణం చిట్టా రాసుకుంటూనే వుంటుంది. ఫ్లాష్ మెమొరీలో ఒక్కొక్క గడికీ ఇన్నిసార్లే రాసి చెరపగలమని ఒక హద్దు వుంది. ఒకే చీర రోజూ ఉతికి కట్టుకుంటే త్వరగా చిరుగుతుంది. పది చీరలు మార్చి మార్చి కట్టుకుంటే అన్నీ చాలాకాలం మన్నుతాయి. ఎస్.ఎస్.డి.లో అలా మార్చి మార్చి రాయించే ఏర్పాటు గట్టిగా వుంటుంది. చవకరకం పెన్‌డ్రైవులో అది అంతంతమాత్రం. అందుకే ట్రూనాస్ అనే సర్వరు సిస్టమ్ వాళ్ళు పెన్‌డ్రైవు మీద బూట్ చెయ్యవద్దంటారు. అన్‌రెయిడ్ అనేదాని పద్ధతి వేరు. అది పెన్‌డ్రైవు నుంచి లేచినా, తర్వాత మెమొరీలోనే నడుస్తుంది గనక రాత తక్కువ.

ఆ వేళే ఒక కొట్టుకి వెళ్ళాను. "ఎలాగూ కొంటున్నారు, ఒక టీబీది తీసుకోండమ్మా" అన్నాడాయన. ఆశగానే వుంది. కానీ అబ్బాయిని అడిగితే వద్దన్నాడు. ట్రూనాస్‌కి కనీసం 16 జీబీ వుంటే చాలట. పైగా బూట్ డ్రైవు మొత్తాన్నీ అది తన కిందే వుంచుకుంటుంది, మిగిలిన చోట్లో మనల్ని ఒక్క ఫొటో పెట్టుకోనివ్వదు. అంటే ఒక టీబీ కొంటే దాదాపు అంతా దండగ! 120 లేక 128 జీబీది ధారాళంగా సరిపోతుంది. ప్రాక్స్‌మాక్స్ లాంటి సిస్టమ్ వేసి, అదే డ్రైవు మీద ఇంకో నాలుగు ప్రోగ్రాములు కూడా నడిపే ఇళ్ళవాళ్ళు మాత్రం 250 దాకా చూసుకోవచ్చు. 2025 చివరి నెలల్లో మెమొరీ చిప్పుల ధరలు ఎలా పైకెక్కాయో మీకు తెలుసు. అక్కర్లేని జీబీలకి డబ్బు పొయ్యడం దేనికి?

మరి చవకగా ఎక్కడ దొరుకుతుంది? మొట్టమొదట మన ఇంట్లోనే వెతకాలి. లాప్‌టాప్‌కి పెద్ద డ్రైవు వేయించినప్పుడు తీసేసిన చిన్నది ఏ సొరుగులోనో పడి వుంటుంది. మా ఇంట్లో అలాగే మావారి పాత లాప్‌టాప్‌ది 128 జీబీ ముక్క దొరికింది. నాకు పైసా ఖర్చు కాలేదు. అయితే కొత్త సిస్టమ్ ఎక్కిస్తే అందులోని పాత సరుకంతా చెరిగిపోతుంది. పనికొచ్చేవేమైనా వుంటే ముందే తీసి పెట్టుకోండి.

ఇంట్లో లేకపోతే, మన సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వుంది. చెన్నైలో వున్నవాళ్ళకి రిచీ స్ట్రీటు, బెంగుళూరువాళ్ళకి ఎస్.పి. రోడ్డు, ఢిల్లీవాళ్ళకి నెహ్రూ ప్లేసు. లాప్‌టాప్‌లలోంచి తీసిన 128 జీబీ ముక్కలు ఇలాంటిచోట్ల అడిగి చూడవచ్చు. ఇంటెల్ కంపెనీ 2017లో తెచ్చిన ఆప్టేన్ మెమొరీ అనే 16 జీబీ ముక్కలు కూడా ఈ పనికి బాగుంటాయి. ఎంత రాసినా ఓర్చుకునే రకం. ఆప్టేన్ వ్యాపారం మానేస్తున్నట్టు కంపెనీ 2022లో ప్రకటించింది గనక పాతవాటిలోనే వెతుక్కోవాలి. సాటా సాకెట్లోనే నేరుగా దిగే బుల్లి డ్రైవులు కూడా వున్నాయి, వాటిని సాటా డామ్ అంటారు. అవి పెద్ద సర్వర్ల కోసం చేసినవి; ధర చూసుకుని మరీ దిగండి.

బజారుకి వెళ్ళేముందు పెట్టె మూత తీసి చూడండి. జాకెట్టు కొలత లేకుండా గుడ్డ కొనం కదా! లోపల పొడుగాటి చీలికలాంటి సాకెట్టు వుంటే అది ఎం.2. దానిలోకి వెళ్ళే ముక్క మీద 2280 అని వుంటే వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లని అర్థం. 2242, 2230 అనే పొట్టివీ వున్నాయి. ఇందులో ఒక తిరకాసుంది. ఎం.2లో సాటా, ఎన్.వి.ఎం.ఇ. అని రెండు రకాలు. చూపుకి కవలపిల్లల్లా వుంటాయి గానీ, ఒకదానికి చేసిన సాకెట్టులో రెండోది పని చెయ్యకపోవచ్చు. సాధారణంగా సాటా ముక్కకి అంచున రెండు గాట్లు, ఎన్.వి.ఎం.ఇ.కి ఒకటే గాటు. అందుకని కంప్యూటరు మోడలు పేరు చీటీ మీద రాసుకుని వెళ్ళండి. ఎం.2 చోటు లేకపోతే రెండున్నర అంగుళాల మామూలు ఎస్.ఎస్.డి. కొనుక్కోవచ్చు. లోపల ఎక్కడా చోటు లేకపోతే, దాన్నే యు.ఎస్.బి. కేసులో పెట్టి బయట తగిలించుకున్నా పెన్‌డ్రైవు కంటే నయమే.

కొత్తదైతే ఎన్ని టెరాబైట్లు రాయవచ్చో కంపెనీవాళ్ళే చెప్తారు. కింగ్‌స్టన్ ఎ400 అనే రకంలో 120 జీబీదానికి 40 టెరాబైట్లు, 240దానికి 80. క్రూషియల్ బి.ఎక్స్.500లో 240దానికీ 80. రోజుకి 10 జీబీ రాసిందనుకున్నా ఏడాదికి మూడున్నర టెరాబైట్ల పైచిలుకు. ఆ లెక్కన 40 టెరాబైట్లు అయ్యేసరికి పదేళ్ళు దాటుతుంది. ఇంతకంటే ఖరీదైనది ఈ పనికి అక్కర్లేదు.

పాతది కొనేటప్పుడు మొహమాటపడకండి. వంకాయ నొక్కి చూడకుండా సంచీలో వేసుకుంటామా? కొట్లోనే కంప్యూటరుకి తగిలించి, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో చూపించమనండి. ఆరోగ్యం ఎంత శాతం, ఎన్ని గంటలు నడిచింది, ఎంత రాశారు అన్నీ కనిపిస్తాయి. చూపించనంటే లేచి వచ్చెయ్యండి. కొన్నాళ్ళలో పాడైతే మారుస్తానని బిల్లు మీద రాయించుకోండి. నమ్మలేనంత చవకలో 2 టీబీ పెన్‌డ్రైవంటే అసలే నమ్మకండి. లోపల కొద్ది జీబీలే పెట్టి, పైకి ఎక్కువ చూపించే మోసాలున్నాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే ప్రోగ్రాము నిజంగా రాసి చూసి అసలు సంగతి బయటపెడుతుంది.

ఆ రాత్రి అబ్బాయి ఫోనులో చెప్తూంటే, ప్లగ్గు పీకి, మూత మర తిప్పి, ఆ ముక్కని నేనే సాకెట్టులో ఏటవాలుగా దోపి, కిందికి వంచి మర బిగించాను. కుట్టుమిషనులో బాబిన్ మార్చడం కంటే కష్టమేం కాదు. సిస్టమ్ ఎక్కింది. సర్వరు ఏర్పాట్లన్నీ వుండే కాన్ఫిగ్ ఫైలు వాడు తన మెయిల్లో దాచాడు గనక, అది ఎక్కించగానే పెట్టె మునుపటిలా మేలుకుంది. మీరు కూడా ఆ ఫైలు తీయించి సర్వరుకి బయట దాచుకోండి. డిస్కుకి ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్ళయితే దాని కీ కూడా బయట వుండి తీరాలి. అది లేకపోతే నిజంగానే బీరువా తెరుచుకోదు.

అమ్మ గొంతు వినిపించింది. మావారు వంటింటి గుమ్మంలో నిలబడిపోయారు.

మర్నాడే ఇంకో పని చేశాను. ఆ పాటల్ని వేరే డిస్కులోకి ఒక కాపీ, చెల్లెలి ఇంటికి ఒక కాపీ పంపాను. ఈసారి తాళంచెవే పోయింది. రేపు బీరువాయే పోతే? బూట్ డ్రైవు చిన్నది, చవకది చాలు, పోతే ఇంకోటి వస్తుంది. ఆ మిగిలిన డబ్బుతో రెండో కాపీకి ఒక డిస్కు కొనండి. మళ్ళీ పాడించుకోవడానికి మా అమ్మ లేదు కదా.

సెలవు.