కీర్తిశేషుల కాలమ్

తెలుగు పత్రికల శ్రద్ధాంజలి ప్రకటనల్లో "చనిపోయారు" అనే మాట వెతికి చూడండి; దాదాపు కనబడదు. వైష్ణవులు పరమపదిస్తారు. శైవులు శివైక్యం చెందుతారు. క్రైస్తవులు ప్రభువునందు నిద్రిస్తారు. కమ్యూనిస్టులు అమరులవుతారు. తక్కినవారందరూ స్వర్గస్థులే. ఆ ఒక్క క్రియాపదం చూస్తే చాలు, ఆ ఇంట్లో ఏ దేవుడి పటం ఉందో చెప్పేయవచ్చు!

మా సోమందేపల్లె హైదరాబాదు-బెంగుళూరు రోడ్డు మీద ఉంది గనుక తెలుగు పత్రికలూ, ఇంగ్లీషు పత్రికలూ రెండూ అందుతాయి. రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టుకొని ఈ కాలమే ముందు చదవడం నాకు పాత అలవాటు. ఇంట్లో వాళ్లకిది బొత్తిగా నచ్చదనుకోండి.

లండన్ పత్రికల పద్ధతి వేరు. అక్కడ డబ్బిచ్చి వేయించుకునే ప్రకటన ఒకటి, సంపాదకవర్గం వ్రాసే జీవితకథ మరొకటి. ఈ రెండోదానిలో మెప్పుతోపాటు తప్పులూ ఉంటాయి. 1986లో డెయిలీ టెలిగ్రాఫ్‌లో ఆ పేజీ చేపట్టిన హ్యూ మాసింగ్‌బర్డ్ దీన్నొక విద్యగా మార్చాడు. "విందుప్రియుడు" అన్నాడంటే త్రాగుబోతని పాఠకుడు గ్రహించాలన్నమాట. మా పాత ఉమ్మడి జిల్లావారే అయిన నీలం సంజీవరెడ్డిగారు 1996లో పోయారు. ఆయన కథ ఈ పద్ధతిలో వ్రాయాలంటే 1977లో రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారని వ్రాసి ఊరుకుంటే కుదరదు. 1969లో అదే పదవికి గిరిగారి చేతిలో ఓడిపోయిన సంగతీ వ్రాయాలి. మన శ్రద్ధాంజలిలో ఓటమికి చోటెక్కడిది?

సింగపూరు చైనావారి ప్రకటనలు చూస్తే మన చుట్టాల్లాగే ఉంటాయి. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనుమలు—అంతా వరుస ప్రకారం. పుట్టిననాడే ఒక ఏడు నిండినట్లు లెక్కించే వారి పాత లెక్క ప్రకారం వేస్తే పోయినవారి వయస్సు కూడా కాస్త పెరుగుతుంది.

ఆడవారి సంగతి వచ్చేసరికి ఇంగ్లీషువారి గొప్పా అంతంతమాత్రమే. 1851 నుంచీ తాము ఎక్కువగా తెల్లజాతి మగవారి గురించే వ్రాశామని న్యూయార్క్ టైమ్స్ 2018లో ఒప్పుకొని, విడిచిపెట్టిన స్త్రీల కథలు వేయడం మొదలుపెట్టింది.

మా వీధిలో ఒక అవ్వ పోయినప్పుడు ప్రకటన వ్రాసిపెట్టమని ఆమె కొడుకు నా దగ్గరకు వచ్చాడు. చిన్నతనంలోనే భర్త పోతే వేరుసెనగ చేను ఒంటిచేత్తో సాగుచేసి, వాన మొహం చాటేసిన ఏళ్లలో కూడా నలుగురు పిల్లల్ని బడికి పంపిన మనిషి. ఆ ముక్కే రెండు పంక్తుల్లో వ్రాశాను.

"అదంతా ఎందుకులే సార్! అవి తీసేస్తే ఇద్దరు మునిమనవళ్ల పేర్లు పడతాయి" అన్నాడు. డబ్బిచ్చేది అతను, పత్రికలో జాగా కొలతనుబట్టి వెల. తీసేశాను. ప్రకటనలో ఆమె ఫలానా వారి ధర్మపత్నిగా, పదకొండు మందికి అవ్వగా మిగిలింది. క్రింద వైకుంఠ సమారాధన తేదీ, భోజనాల చోటు.

సమారాధననాడు పంక్తిలో నా ప్రక్కన కూర్చున్న ముసలాయన ఆ అవ్వ బావిపూడిక తీయించిన కథ ఎత్తుకున్నాడు. పాయసం వడ్డించినా ఆయన ఆపలేదు. ఎదురు వరుసలో బెంగుళూరు నుంచి వచ్చిన మనుమరాలు తినడం మాని వింటూ కూర్చుంది.