మోటారు సైకిలు ఇంజనునకు సింథెటిక్ నూనె ఎప్పుడు పోయవలెను?

పాల క్యానులు కేంద్రమునకు చేర్చుటయు, యూరియా బస్తా పొలమునకు కొనిపోవుటయు, జబ్బుపడిన వారిని ఆసుపత్రికి తరలించుటయు నేడు మన గ్రామములలో చాలవరకు మోటారు సైకిలు మీదనే జరుగుచున్నవి. అట్టి వాహనము కోతల నాడు నిలిచిపోయినచో కలుగు నష్టము రిపేరు ఖర్చుతో తీరునది కాదు. ఇప్పుడు అంగళ్లలో సింథెటిక్ నూనె డబ్బాలు విరివిగా దొరకుచున్నవి. వెల సామాన్యమైన మినరల్ నూనెకు తరచు రెట్టింపునకు దగ్గరగా నుండును. ఇది పోసినచో ఇంజనునకు చావు లేదని యొకరును, క్రొత్త బండికి పోసినచో పాడగునని మరియొకరును చెప్పుచుందురు. సభ్యులు రూకలు వెచ్చించుటకు ముందు ఇందలి నిజానిజములు తెలిసికొనవలెను.

మినరల్ నూనె ముడి చమురును శుద్ధిచేయగా వచ్చునది. అందలి అణువులు చిన్నవియు పెద్దవియు కలగలిసి యుండును. సింథెటిక్ నూనెలో రసాయన ప్రక్రియచే వానిని ఇంచుమించు ఒకే తీరున నుండునట్లు కూర్చెదరు. అందుచే అది వేడికి త్వరగా చెడదు. ఆవిరియగుటయు మడ్డి కట్టుటయు తక్కువ. అయితే ఆ పేరు గల డబ్బాలన్నియు సమానములు కావు. 1999లో అమెరికాలో రెండు చమురు కంపెనీల నడుమ వచ్చిన తగవునందు, ముడి చమురునే తీవ్రముగా శుద్ధిచేసి అణువుల రూపము మార్చిన నూనెను కూడ సింథెటిక్ అనవచ్చునని ప్రకటనల పరిశీలక మండలి తీర్పిచ్చినది.

క్రొత్త ఇంజనులో పిస్టను రింగులును బోరు గోడయు ఒకదానితో నొకటి కొంత రాపిడి పొంది కుదురుకొనవలెను. ఆ కాలమున కంపెనీవారు పోసి పంపిన నూనెనే వాడుట మంచిది. మొదటి సర్వీసు సాధారణముగా 500 మొదలు 1000 కిలోమీటర్ల లోపల వచ్చును. అప్పుడు దింపిన నూనెలో సన్నని లోహపు పొడి కనబడును. దానిని దాచి మరల పోయించువారు లేకపోలేదు; అంతకంటె చెడ్డ పొదుపు వేరొకటి లేదు. రెండవ మార్పు కూడ ఆ పుస్తకములో చెప్పిన నూనెతోనే చేయించి, 2000 లేక 3000 కిలోమీటర్లు దాటిన పిమ్మట సింథెటిక్ నూనెకు మారుట క్షేమమని మా అభిప్రాయము. కొన్ని బండ్లకు కంపెనీవారే మొదటినుండి సింథెటిక్ లేక సగము సింథెటిక్ నూనె పోయుదురు. వానికి ఈ నిరీక్షణ అక్కరలేదు.

ఇంతకంటె ముఖ్యమైనది క్లచ్చి సంగతి. కారులో ఇంజను నూనె క్లచ్చిని తాకదు. గేర్ల మోటారు సైకిళ్లలో చాలవాటియందు ఇంజను, గేర్లు, క్లచ్చి పలకలు మూడును ఒకే నూనెలో మునిగి యుండును. కార్ల కొరకు చేసిన పలు నూనెలలో పెట్రోలు ఆదా కొరకు మిక్కిలి జారుడు గుణము నిచ్చు మందులు కలుపుదురు. అట్టి నూనె పోసినచో క్లచ్చి పలకలు పట్టు తప్పును. ఇంజను రొద చేయునే గాని బరువుతో చెరువు కట్ట ఎక్కలేదు. కావున డబ్బాపై జాసో ఎం.ఏ. లేక ఎం.ఏ.2 అను గుర్తు చూడవలెను. ఎం.బీ. అను గుర్తు గేర్లు లేని స్కూటర్లకు తగినది. ట్రాక్టరునకు తెచ్చిన డీజిలు నూనె మిగిలినదని మోటారు సైకిలులో పోయుట మన పల్లెలలో పరిపాటి. ఆ గుర్తు లేనిచో అది ఈ క్లచ్చికి తగునని పరీక్షింపబడినది కాదని యెరుగవలెను. చిక్కదనపు అంకెయు, అనగా 10 డబ్ల్యు 30, 20 డబ్ల్యు 40 మొదలగునది, పుస్తకములో నున్నట్లే యుండవలెను. వేసవి కదా యని ఇష్టము వచ్చినట్లు చిక్కని నూనె పోయరాదు.

ఇక లాభమెవ్వరికి? నడివేసవిలో బరువుతో దూర ప్రయాణములు చేయువారికిని, డొంక దారిలో మొదటి రెండు గేర్లలోనే చాలసేపు నడుపువారికిని సింథెటిక్ నూనె మేలు చేయును. గాలితో చల్లబడు ఇంజను మెల్లగా పోవునపుడు మిక్కిలి వేడెక్కును గదా! ఇంటినుండి పొలమునకు రెండు మూడు కిలోమీటర్లు పోయి వచ్చువారికి మాత్రము వేళకు మార్చిన మినరల్ నూనెయే చాలును. అంత చిన్న దూరమున ఇంజను సరిగా కాగదు. నీటి చెమ్మయు పెట్రోలును నూనెలో చేరును. దుమ్ము సంగతియు నట్టిదే. ఏ నూనె యైనను దుమ్మును మాయము చేయజాలదు. ఖరీదైన నూనె పోసితిమని గడువును ఇమ్మడింపక, పుస్తకములోని గడువునే పాటించి, గాలి ఫిల్టరును తరచు చూచుకొనవలెను.

పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చుచు, నూనె తగ్గిపోవుచున్న పాత ఇంజనునకు సింథెటిక్ నూనె పోయుట రూకలను తగులబెట్టుటయే. ముందు రింగులు, బోరు, వాల్వు సీళ్లు చూపించవలెను. మడ్డి అడ్డుపడి ఆగియున్న కారుడు, ఆ మడ్డి కరిగిన పిదప బయటపడుటయు కలదు.

ఒకసారి సింథెటిక్ పోసినచో మరల మినరల్ నూనెకు రారాదనుట అపోహ. దారిలో నూనె తగ్గినపుడు సరియైన గుర్తు గల వేరొక నూనెను కొంచెము కలిపినను ప్రమాదము లేదు; మేలు మాత్రము కొంత తగ్గును. డబ్బా మూత, సీలు చూచి, రశీదుతో కొనవలెను. ఖాళీ డబ్బాను చిల్లు పొడిచి పారవేసినచో నకిలీ నూనె నింపువారి చేతికి చిక్కదు. దింపిన నూనెను కాలువలో గాని, బావి యొద్ద గాని పోయక, పాత నూనె కొను అనుమతి గలవారికే ఈయవలెను.