సూరత్ అలవాటు మారిన వైనం

1994 సెప్టెంబరు నాలుగో వారంలో ప్లేగు అన్న మాట పొక్కగానే సూరత్‌లో లక్షలాది మంది దొరికిన రైలు, బస్సు పట్టుకుని ఊరు విడిచారు. టెట్రాసైక్లిన్‌కు జబ్బు లొంగుతుందని తెలిసిన ప్రైవేటు డాక్టర్లలోనూ చాలామంది క్లినిక్‌లు మూసేశారు. పక్కింటివాడు మూటాముల్లె సర్దుతుంటే మాత్రను నమ్ముకుని కూర్చునే గుండె ఎందరికుంటుంది? పదిమంది వెంట నడిచే గుణం జబ్బు కంటే వేగంగా పాకింది. వరంగల్, కరీంనగర్ నేతన్నలతో సహా వలస కార్మికుల మీద ఆధారపడ్డ మరమగ్గాలు మూగబోయాయి.

1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. రావు కొత్త పథకమేమీ తేలేదు. నగరంలోని ఆరు జోన్ల అధికారులకు తన అధికారాలు పంచి, అందరినీ రోజూ వీధుల్లోకి తోలారు. ‘ఏసీ నుంచి డీసీకి’ అన్నది ఆ రోజుల నినాదం: చల్లటి గది వదిలి రోజువారీ చాకిరీకి అని అర్థం. కూల్చివేతలు పలుకుబడి ఉన్నవారి అక్రమ కట్టడాలతో మొదలయ్యాయి. దాంతో, ‘నన్నొక్కణ్నే ఎందుకు పట్టుకుంటారు’ అనే వీలు చిన్న దుకాణదారుకు లేకపోయింది. కొద్ది కాలానికే ఇన్‌టాక్ సంస్థ పరిశుభ్రతలో సూరత్‌కు చండీగఢ్ తర్వాతి స్థానమిచ్చింది.

పట్టువిడవని కొద్దిమంది ఎంత చేయగలరో 1969లో ఫ్రాన్స్ మనస్తత్వవేత్త సెర్జ్ మోస్కోవిచి పరీక్షించారు. ఆరుగురి బృందంలో ఆయన మనుషులు ఇద్దరు నీలి రంగును ప్రతిసారీ ఆకుపచ్చ అన్నారు. మిగతా వారి జవాబుల్లో 8 శాతానికి పైగా అటు మొగ్గాయి. ఆ ఇద్దరూ మాట మారిస్తే అది ఒక శాతం దగ్గరే ఆగింది.

అయితే ఆ ఇద్దరి చేతిలో బుల్డోజర్ లేదు, రావుకు ఉంది. అందుకే అసలు పరీక్ష 1997లో ఆయన వెళ్లిపోయాక మొదలైంది. భయం ఆయనతోపాటే పోయినా అలవాటు మిగిలింది. చెత్త పారేసేవాడే ఇప్పుడు వీధిలో ఒంటరి.

అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు విరుద్ధంగా జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో సారాపై రాజేసిన పోరు 1995 నాటికి సంపూర్ణ మద్యనిషేధమైంది. 1997లో ప్రభుత్వమే దాన్ని సడలించింది. ఖజానాకు ఆదాయం కావాలి, నిజమే. కానీ తాగే మగవాళ్లలో మెజారిటీ మనసు మారి ఉంటే సడలింపు అంత సులువయ్యేదా? చట్టం వారికంటే ముందుకెళ్లిపోయింది.

స్వచ్ఛ సర్వేక్షణ్ 2023లో ఇండోర్‌తో కలిసి సూరత్ దేశంలో మొదటి స్థానం పంచుకుంది. మురికిపై నగరం అభిప్రాయం మారింది. దాన్ని ఎవరు ఎత్తాలన్న విషయంలో మారలేదు. గుజరాత్‌లో పారిశుద్ధ్య కార్మికుల్లో నేటికీ అత్యధికులు వాల్మీకులే.