కంప్యూటరులో ఘనరూపములను మలచుట



గుమ్మలక్ష్మీపురము మొదలుకొని అరకు వరకును గల మన తూర్పు కనుమల గూడెములలో, కొండమీది ఊటకు గొట్టము తగిలించి, ఆ నీటిని పల్లమునకు దింపి సిమెంటు తొట్టిలో నిలుపుకొనుట పలుచోట్ల కలదు. అట్టి తొట్టి యొకటి కట్టదలచినపుడు ముందుగా దాని పటము తయారు కావలెను. పూర్వము బల్లమీద కాగితము పరచి, బద్దతోను పెన్సిలుతోను పటము గీయుచుండిరి. నేడు దానిని కంప్యూటరులో గీయుచున్నారు. గీయుట యనుటకంటె మలచుట యనుట సరి. తెరమీద తొట్టి ఎదుట నిలిచినట్లే కనబడును. దానిని త్రిప్పి వెనుకవైపు చూడవచ్చును, నిలువుగా కోసి లోపలివైపు చూడవచ్చును. ఇంత చక్కని బొమ్మను చూచినవాడు తల యూపక మానడు. అయితే తల యూపుటకు ముందు ఆ బొమ్మ యెట్లు పుట్టినదో తెలిసికొనుట మేలు. ఆ తొట్టి నీరు త్రాగవలసినవారు మీరే గదా!

ఇట్టి పనికి వాడు సాఫ్టువేరును క్యాడ్ అందురు. కంప్యూటరు సాయముతో నమూనా కల్పించుట యని దాని భావము. 1963లో అమెరికాయందలి ఎం.ఐ.టి. విద్యాలయమున ఐవాన్ సదర్లాండ్ అను పరిశోధక విద్యార్థి, వెలుగు కలముతో తెరపై గీతలు గీయు స్కెచ్‌ప్యాడ్ అను ఏర్పాటును చూపెను. 1982లో ఆటోక్యాడ్ అనునది చిన్న కంప్యూటరులకు వచ్చెను. 2002లో మొదట వెలువడిన ఫ్రీక్యాడ్ అనునది నేటికిని వెల లేకయే లభించును. రంగులు, నీడలు, మెరుగులు చూపి పెద్ద వెలకు అమ్మునవియు గలవు గాని, మన తొట్టికి ఆ మెరుగులతో పని లేదు.

ఇక అసలు సంగతి. పటమునకును ఘనరూపమునకును ఒక భేదము గలదు. కాగితముపై గీచిన కుండబొమ్మకు కడుపు లేదు. కంప్యూటరులో మలచిన కుండకు కడుపు గలదు. అనగా, ఏ బిందువును చూపినను అది మట్టిలో నున్నదో, బోలులో నున్నదో, వెలుపల నున్నదో యంత్రము చెప్పగలదు. అందుచేతనే ఎంత నీరు పట్టునో, ఎంత సిమెంటు కాంక్రీటు కావలెనో అది లెక్కించి చెప్పగలుగుచున్నది. ఈ లెక్క మనకు క్రొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు తన సంస్కృత గణితగ్రంథమున గోతుల త్రవ్వకమును కొలుచుటకు ప్రత్యేకముగా ఒక ప్రకరణమే వ్రాసెను. ఆ గ్రంథమును పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన తెనిగించెను.

ఘనరూపమును పుట్టించు మార్గములు కొద్దిపాటివే. మొదటిది, సిద్ధముగా నున్న రూపములను తెచ్చుకొనుట. ఇటుక వంటి దీర్ఘఘనము, దుంగ వంటి స్థూపము, ధాన్యపు కుప్ప వంటి శంకువు, బంతి వంటి గోళము అందులో ముందే యుండును. కొలతలు చెప్పిన చాలును. రెండవది జంతికల గొట్టము పద్ధతి. గొట్టము అడుగున నక్షత్రపు బిళ్ళ వేసిన నక్షత్రపు జంతిక దిగును, గుండ్రని రంధ్రములు గల బిళ్ళ వేసిన సన్నని కారపుపూస దిగును. ఆ విధముగనే నేలమీద ఒక ఆకారమును గీచి, దానిని కావలసినంత ఎత్తునకు సాగదీసినచో ఘనరూపమగును. సవరలు కొండవాలున రాళ్ళు పేర్చి కట్టు మడిగట్టు సైతము ఇట్టిదే; గట్టు అడ్డుకోతను ఒక్కమారు గీచి, గట్టు పొడవున సాగదీసిన చాలును. మూడవది తరిమెన పద్ధతి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెనకెక్కించి, ఉలి ఆనించి, లక్క బొమ్మలు చేయుదురు. కొయ్య గిరగిర తిరుగగా ఉలి నడచిన దారియే బొమ్మ ఆకృతి యగును. క్యాడ్‌లోనైతే బొమ్మ అంచును సగముగా గీచి, నడిమి ఇరుసు చుట్టును త్రిప్పుదురు. చెంబు, గిన్నె, బండిచక్రపు కుండ, అన్నియు ఇట్లే పుట్టును.

ఇట్లు పుట్టిన రూపములతో మూడు పనులు చేయవచ్చును: రెంటిని కలిపి ఒకటి చేయుట, ఒకదానినుండి మరియొకదానిని తొలచివేయుట, రెంటికిని ఉమ్మడియైన భాగమును మాత్రము నిలుపుట. తొట్టి రెండవదానివలన పుట్టును.

లోపల 2 మీటర్ల అడ్డుకొలతయు, 2 మీటర్ల లోతును గల గుండ్రని తొట్టి కావలెననుకొందము. గోడమందము 15 సెంటీమీటర్లు, అడుగుమందము కూడ అంతే. అపుడు 2.30 మీటర్ల అడ్డుకొలతయు, 2.15 మీటర్ల ఎత్తును గల పెద్ద స్థూపమును నిలిపి, 2 మీటర్ల అడ్డుకొలత గల చిన్న స్థూపమును 15 సెంటీమీటర్లు పైకెత్తి అందులో నుంచి, తొలచివేయవలెను. పైకెత్తుట మరచినచో ఆ తొట్టికి అడుగుండదు.  తెరమీద ప్రక్కనుండి చూచిన ఆ లోపము కనబడనే కనబడదు. చిన్న స్థూపమును సరిగా అంచువరకే గాక కొంచెము పైకి పొడుగుగా నుంచుట కూడ పనివారి వాడుక. రెండు పైభాగములును సరిగా ఒకచోట కలిసినచో కొన్ని సాఫ్టువేరులలో మూతివద్ద పలుచని పొర వంటిది మిగులుట కలదు.

ఈ తొట్టిలో 6,283 లీటరుల నీరు పట్టును. కాంక్రీటు సుమారు 2.65 ఘనపు మీటర్లు కావలెను.

ఇపుడు గీయువాడు 2 మీటర్లను బయటి కొలతగా భావించెననుకొందము. గోడ లోనికి పెరుగును. లోపలి అడ్డుకొలత 1.70 మీటర్లే మిగులును. అపుడు పట్టునది సుమారు 4,540 లీటరులు. అనగా 1,740 లీటరులకు పైగా నీరు తగ్గినది. తెరమీది బొమ్మలో ఏ లోపమును ఉండదు. యంత్రము ఏ హెచ్చరికయు చేయదు, తనకు చెప్పిన కొలతకు సరియైన లెక్కనే చెప్పును. ఎండకాలమున ఊట సన్నగిల్లినపుడు బిందెలతో నిలిచిన ఆడవారికే ఆ భేదము తెలియును. కావున పటము మీ ముందుకు వచ్చినపుడు, "బాబూ, ఇది లోపలి కొలతయా, బయటి కొలతయా?" యని యడుగుడు. తొట్టి పట్టు లీటరులెన్నో తెరమీద చూపుమనుడు. నిలువుకోత చూపుమని, అడుగు గలదో లేదో కన్నులార చూచుకొనుడు. కొలత మిల్లీమీటర్లలో నున్నదో, అంగుళములలో నున్నదో కూడ విచారింపుడు, అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు గనుక ఈ పొరపాటు చిన్నది కాదు.

ఇట్లడిగినచో గీయువానికి కష్టమగునేమోయని మొగమాటపడ నక్కరలేదు. నేటి క్యాడ్‌లో పలుసాఫ్టువేరులు, రూపము ఏ వరుసన మలచబడినదో ఆ మెట్లన్నిటిని జ్ఞాపక ముంచుకొనును. మొదటి మెట్టులోని అంకెను మార్చినచో, దానిపై నాధారపడిన మెట్లన్నియు వాటంతటవే సవరించుకొనును. లోతు 2 మీటర్లకు బదులు రెండున్నర కావలెనన్న, ఆ యంకె మార్చుటయే పని. 7,854 లీటరులని లెక్క అపుడే తేలును. కాగితపు పటమైనచో మరల మొదటినుండి గీయవలసి వచ్చెడిది. కాంక్రీటు పోసిన పిమ్మట నైతే ఏ సాఫ్టువేరును సాయపడదు.

మీ పిల్లలలో ఎవరైనను ఈ విద్య నేర్వగోరినచో, ఐ.టి.ఐ.లలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ అను రెండేండ్ల శిక్షణయందు దీనిని నేర్పుదురు. కంప్యూటరు ముందు కూర్చుండుటకు ముందు ఇంటనున్న కుంచమును చేతికిచ్చి, లోపల బయట కొలిచి, గోడమందమెంతయో చెప్పుమనుడు. అది చేయగలిగినవానికి తొట్టిని మలచుట కష్టము కాదు.