పెద్దప్రేగు రాచపుండు: రైతు లెరుగవలసిన గుర్తులు

సికింద్రాబాదు చెంత లాలాగూడలో రైలుపెట్టెల కార్ఖానా యొకటి కలదు. నిజాము రాజ్యపు రైల్వేవారు దీనిని 1893వ సంవత్సరమున నెలకొల్పిరి. విరిగిన పెట్టెలను బాగుచేయుట మాత్రమే యిచ్చటి పని కాదు. చక్కగా పరుగెత్తుచున్న పెట్టెను సయితము, గడువు రాగానే లోనికి దెచ్చి, చక్రములను, ఇరుసులను, బ్రేకులను పరీక్షింతురు. ఇరుసులో బుట్టిన సన్నని బీట కంటికి గానరాదు. అది త్రోవలో విరిగినచో ఎందరి ప్రాణములకో ముప్పు. కావున చెడుటకు మునుపే వెదకి చూచుట వారి నియమము.

ఇనుపపెట్టె విషయమున మనుష్యు డింత జాగరూకుడై యుండియు, తన దేహము విషయమున నట్లుండుట లేదు. పెద్దప్రేగునకు వచ్చు క్యాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండు అని వాడిన వ్యాధి, ఇందులకు నిదర్శనము. ప్రపంచమంతట 2022వ సంవత్సరమున 19 లక్షలకు పైగా జనులకు ఈ వ్యాధి క్రొత్తగా గనబడినది. 9 లక్షలకు పైగా మరణించిరి. పాశ్చాత్య దేశములకంటె మన దేశమున ఇది తక్కువయే. అయినను వచ్చినవారిలో పెక్కురు వ్యాధి ముదిరిన పిమ్మటనే వైద్యుని జేరుచున్నారు. చిన్నవయస్సువారికి రాదనుటయు సరికాదు.

వ్యాధి పుట్టుక

పెద్దప్రేగు సుమా రైదడుగుల పొడవు గలది. దాని లోపలి పొరపై కొందరికి వయస్సు మళ్లినకొలది చిన్నచిన్న పిలకలవంటి కండలు మొలచును. వైద్యులు వీనిని పాలిప్పు లందురు. వీనిలో ననేకము లపాయము లేనివి. కొన్ని మాత్రము మెల్లమెల్లగా పెరిగి, సాధారణముగా పదేండ్లో అంతకు మించియో గడచిన పిమ్మట, రాచపుండుగా మారును. వరికాండములో దూరిన పురుగు తెల్లకంకి వెలువడువరకును రైతు కంట బడదు. కంకి తెల్లనైన పిదప మందు చల్లినను ఆ కంకి గింజ పట్టదు. అయితే పురుగునకు దినములే గడువు. ఈ పిలకకు సంవత్సరముల గడువు కలదు. ఆ గడువును వాడుకొన్నవాడు బ్రదుకును.

గుర్తులు

ఈ క్రింది గుర్తులలో నేదైనను రెండు మూడు వారములకు మించి నిలిచినచో ఉపేక్షింపరాదు. మలముతో నెత్తురు పడుట, లేక మలము నల్లగా బంకవలె నుండుట, అలవాటునకు భిన్నముగా మలబద్ధమో విరేచనములో కలుగుట, లేక రెండును మార్చి మార్చి వచ్చుట, మలము సన్నబడుట, దొడ్డికి పోయి వచ్చినను ఇంకను మిగిలియున్నట్లు తోచుట, కడుపులో నొప్పి, ఉబ్బరము, కారణము లేకయే బరువు తగ్గుట, ఆయాసము, నీరసము, దేహము పాలిపోవుట.

కడపట జెప్పిన దానిని మిక్కిలి గమనింపవలెను. పెద్దప్రేగు కుడిభాగమున పుండు పుట్టినప్పుడు నెత్తురు కంటికి గనబడకయే కొంచెము కొంచెముగా పోవుచుండును. రోగికి తెలియునది నీరసము మాత్రమే. మగవారికి గాని, ముట్టు లుడిగిన స్త్రీలకు గాని ఇనుము తక్కువై రక్తహీనత కలిగినచో, బలమునకు మాత్రలు మ్రింగి యూరకుండరాదు. నెత్తురెచ్చట పోవుచున్నదో వెదకింపవలెను.

ఈ గుర్తులు గలవారందరకును రాచపుండే యనుకొని భయపడ నక్కరలేదు. మూలశంకవలనను, జిగట విరేచనములవలనను, ఇతర కారణములవలనను ఇవి కలుగవచ్చును. ఇనుపమాత్రలు మ్రింగువారికిని మలము నల్లబడును. కాని ఏది యేదో తేల్చువాడు వైద్యుడు, మనము కాము. నెత్తురు పడినంతనే మూలశంక యని తీర్మానించి, పసరు త్రాగియో, పట్నమున గోడలమీది ప్రకటన చూచి సూదిమందు వేయించుకొనియో నెలలు గడుపువారు పెక్కురు. మూలశంక యున్నవానికి రాచపుండు రాదను నియమ మేమియు లేదు.

సిగ్గు మరియొక శత్రువు. ఆసనమున వ్రేలుపెట్టి చూచు పరీక్ష క్షణకాలపు పని. పురీషనాళమునందలి పుండ్లు కొన్ని దానితోనే బయటపడును. స్త్రీలు ఈ మాటను భర్తకు సయితము చెప్పుకొనజాలక దాచుదురు. ఇంటివారు తామే అడిగి తెలిసికొనుట మేలు.

పరీక్షలు

గుర్తులు లేనివారికి సులభమైన పరీక్ష యొకటి కలదు. కొంచెము మలమును చిన్న గొట్టములో నిడి పరీక్షాశాల కిచ్చినచో, కంటికి గానరాని నెత్తురును కనిపెట్టుదురు. దీనిని ఏటేట చేయింపవలెను. నెత్తురు కలదని తేలినంతమాత్రమున రాచపుండని యర్థము కాదు. కొలనోస్కోపీ చేయింపవలెనని యర్థము. ఇదివరకే గుర్తులున్నవా రీ పరీక్షతో తృప్తిచెందక, వైద్యునే చూడవలెను.

కొలనోస్కోపీ యనగా కొనయందు దీపమును, చిన్న కెమేరాయు గల మెత్తని గొట్టమును ఆసనమార్గమున బంపి ప్రేగంతయు చూచుట. ముందునాడు తేలిక యాహారము గొని, విరేచనపు మందు త్రాగి, ప్రేగును శుభ్రపరచుకొనవలెను. మత్తుమం దిత్తురు గాన నొప్పి యంతగా తెలియదు. సాధారణముగా గంటలోపల ముగియును. వెంట నొకరు తప్పక యుండవలెను. మధుమేహమునకును, నెత్తురు పలుచబడుటకును మందులు వాడువా రా మాట ముందుగా చెప్పవలెను. ప్రేగునకు గాయమగుట యరుదు. పిలక గనబడినచో తీగ యుచ్చుతో నప్పుడే కోసి తీయవచ్చును. ఇతర పరీక్షలు వ్యాధిని చూపును. ఇది వ్యాధిని రాకుండ సయితము చేయగలదు.

అమెరికాలో 2021 నుండి 45 ఏండ్లు నిండినవారందరికిని పరీక్ష చేయవలెనని వైద్యులు చెప్పుచున్నారు. మన దేశమున 2016లో ప్రభుత్వము ఏర్పరచిన పరీక్షా విధానము నోటి, రొమ్ము, గర్భాశయద్వారపు క్యాన్సరులకు మాత్రమే. కావున పెద్దప్రేగు విషయమున మనమే పూనుకొని వైద్యు నడుగవలెను. తలిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని ఈ వ్యాధి వచ్చినవారు 40 ఏండ్లకే, లేక ఆ బంధువునకు వచ్చిన వయస్సునకు పదేండ్లు ముందుగానే, వీనిలో నేది ముందైన నప్పుడు, పరీక్ష చేయించుకొనవలెను.

చికిత్స

అమెరికా లెక్కలను బట్టి, పుండు ప్రేగులోనే యున్నప్పుడు కనుగొనబడినవారిలో నూటికి సుమారు 90 మంది యైదేండ్లు దాటి జీవించుచున్నారు. దూరపు అవయవములకు ప్రాకిన పిమ్మట నూటికి సుమారు 15 మందియే. మొదటి దశలో శస్త్రచికిత్సయే చాలును. ముదిరినకొలది మందులును కావలసివచ్చును. ఈ మందులలో ఫోలినికు ఆమ్లము ఫోలికు ఆమ్లమునుండి వచ్చినది. 1895లో భీమవరమున జన్మించి 1948లో అమెరికాలో మరణించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ ఫోలికు ఆమ్లముపై ప్రఖ్యాతమైన పరిశోధన జరిపిరి.

ఎచ్చటికి బోవలెను?

దక్షిణమధ్య రైల్వేవారి కేంద్ర వైద్యశాల లాలాగూడలోనే కలదు. రైల్వేకొలువులో నున్న కుమారులు గల రైతు కుటుంబములవారు, నిబంధనల ననుసరించి తమ కర్హత కలదో లేదో విచారించుకొనవచ్చును. తక్కినవారికి ముషీరాబాదులోని గాంధీ వైద్యశాలయు, హైదరాబాదు రెడ్ హిల్సులోని మెహదీ నవాజ్ జంగు క్యాన్సరు వైద్యశాలయు ప్రభుత్వపువి. ఆరోగ్యశ్రీ క్రింద కుటుంబమునకు లభించు సాయపు పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచెను.

కోత ముగియనిండు, నాట్లు కానిండు అనుచు రైతు వాయిదా వేయుట సహజమే. ఇచ్చట సహకారము పనికి రావలెను. పరీక్షకు బోవువానికి పట్టునది రెండు దినములు. ఆ రెండు దినములును వాని మడికి నీరు పెట్టుటకు, పశువులకు మేత వేయుటకు ఇరుగుపొరుగు సభ్యులు పూనుకొనవచ్చును. తోడుగా నొకడు పోవచ్చును. వచ్చు సభలో ఈ గుర్తులను చదువురానివారికి చదివి వినిపింపుడు. మూడు వారములుగా బాధపడుచున్న సభ్యు డెవడైన నున్నచో, ఈ వారమే వానిని వైద్యునికడకు బంపుడు.